పాత ఫోటోల ఫోల్డరు

శుక్రవారం పూట, అందులోనూ సర్వేవాళ్ళు తోటకి వస్తున్న రోజున, మా మావయ్యగారు తన గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఫోను ఆపేసి ఉపవాస ప్రార్థనకి వెళ్ళిపోయారు. ఆ గదిలో కంప్యూటరు ఉంది. ఆ కంప్యూటర్లో మాకు కావలసిన ఫోటో ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే మంచిది. ముసునూరు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వరండాలో నా చెప్పుల చప్పుడు వినపడగానే పిల్లలు పుస్తకాలు తెరిచి కూర్చుంటారు. ఇంట్లో కూడా అంతేనని మా ఆయన మార్టిన్ అందరిముందూ అంటుంటారు. అంటే అననీ, నేను అరిస్తేనే ఆ ఇంట్లో పనులు జరిగేవి.

మాది నూజివీడులో రెండంతస్తుల ఇల్లు. కింద మావయ్యగారు జోజిబాబు, అత్తయ్య ఇన్నమ్మ ఉంటారు. పైన మేము. మావయ్యగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. చర్చిలో సంఘపెద్ద. అన్నదమ్ములు కొట్టుకున్నా, గోడ దగ్గర పేచీ వచ్చినా జనం ఆయన దగ్గరికి వచ్చి కూర్చుంటారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఇద్దరి మాటా విని, న్యాయం చెప్పి, టీ ఇప్పించి పంపుతారు. పన్నెండేళ్ళుగా ఆ టీలు పెట్టింది నేనే.

తోట రెడ్డిగూడెంలో ఉంది. నాలుగెకరాలు, అన్నీ రసాల మామిళ్ళే. తూర్పువైపు ఆఖరి వరసలో తొమ్మిది చెట్లున్నాయి. వాటి అవతల హద్దురాయి. రాయి అవతల రమణమ్మ అనే కూలి మనిషికి అరెకరం మెట్ట. గొడవంతా ఆ తొమ్మిది చెట్ల దగ్గరే. హద్దురాయి ఒకప్పుడు తాటిచెట్టు మొదట్లో ఉండేదని, ఆ తొమ్మిది చెట్లూ తన నేలలో ఉన్నాయని రమణమ్మ అంటుంది. ఆ తాటిచెట్టేమో ఇప్పుడు మా తోట లోపల, ఆఖరి వరసకి ఇవతల ఉంది. అంటే ఆవిడ లెక్కప్రకారం రాయి తనంతట తానే లేచి ముప్పై అడుగులు నడిచిందన్నమాట. నేను పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పాట. కలుపుకీ కోతకీ మా తోటలోకే కూలికొస్తుంది, మా చెట్లే తనవంటుంది. ఎంత పొగరో అనుకునేదాన్ని.

ఆ ఊళ్ళో భూములు మళ్ళీ కొలుస్తున్నారు. మా వంతు జనవరి ఆఖరి శుక్రవారం వచ్చింది. చెట్లు నిండా పూత మీద ఉన్నాయి. మార్టిన్ పొద్దున్నే బండి మీద తోటకి వెళ్ళారు. ఏ కాగితం అవసరమొస్తుందోనని నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పెద్దాయన కూడా తోటకి వెళ్తారనుకున్నాం. ఆయన మాత్రం "నాకు ప్రార్థన ఉంది, అన్నీ దేవుడే చూసుకుంటాడు" అని బయల్దేరారు.

పదిన్నరకి మార్టిన్ ఫోన్ చేశారు.

"సుసీ, అమ్మ హద్దురాయి పక్కన నిలబడ్డ ఫోటో ఒకటుంది, గుర్తుందా?"

"నేను స్కాన్ చేసినవి వందల ఫోటోలు. అన్నీ గుర్తుంటాయా?"

"ఉంది. చిన్నప్పుడు ఆల్బంలో చూశాను. తోట వేసిన కొత్తలో తీసింది. ఇక్కడ సర్వేయరు సాయికుమార్ గారేమో కొలతకీ రాయికీ తేడా వస్తోందంటున్నారు. రమణమ్మ ఎవరో ఇద్దరు ముసలాళ్ళని సాక్ష్యానికి తెచ్చింది. మన దగ్గర పాత ఆధారం ఏదైనా ఉంటే ఇప్పుడే తేల్చేస్తారంట. లేకపోతే ప్రస్తుతానికి రాయి ఉన్నచోటే హద్దు అని రాసి, ఆవిడకి అభ్యంతరం ఉందని పక్కన నోటు పెడతారంట."

"నోటు పెడితే ఏమవుతుంది?"

"మనకేం కాదు. ఆవిడే ఆఫీసుల చుట్టూ తిరగాలి. కానీ ఎందుకది? ఫోటో చూపిస్తే ఇవాళ్టితో ఆవిడ నోరు మూతపడుతుంది. వీళ్ళు ఒంటిగంటకి పక్క పొలానికి వెళ్ళిపోతారు. ఈలోపు పంపించు."

"రెండు నిమిషాల్లో పంపుతాను" అన్నాను. నిజంగా రెండు నిమిషాల పనే అనుకున్నాను.

కరోనా అప్పుడు స్కూళ్ళు మూసేస్తే, ఆ ఖాళీలో ఇంట్లోని పాత ఆల్బంలన్నీ కింద కంప్యూటరు దగ్గర కూర్చుని స్కాన్ చేశాను. అప్పటికే చెదలు సగం తినేశాయి. స్కాన్ అయినవి అయినట్టే పారేశాం. ఆ ఫోటోలన్నీ 'పాత ఫోటోలు' అని ఒక ఫోల్డర్లో పెట్టి, పైన నా లాప్‌టాప్‌లో కూడా తెరుచుకునేలా షేరింగ్ పెట్టింది నేనే. మావయ్యగారు ఆ కంప్యూటర్ని ఎప్పుడూ ఆపరు. ఆపితే మళ్ళీ లేవదేమోనని ఆయన భయం. కాబట్టి గదికి తాళం ఉన్నా నాకు ఇబ్బంది లేదు, పైనుంచే తీసుకోవచ్చు.

లాప్‌టాప్ తీసి ఫోల్డరు మీద నొక్కాను. కాసేపు తిరిగి తిరిగి, ఈ ఫోల్డరు దొరకడం లేదు, పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి అని వచ్చింది. పేరు పెట్టినదాన్ని నేను. నాకే చెబుతోంది పేరు చూసుకోమని. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మాట.

లాప్‌టాప్ మూసి తెరిచాను. కిందకి వెళ్ళి హాల్లో ఉన్న రూటరు తీగ పీకి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాను. లైట్లన్నీ బుద్ధిగా వెలిగాయి. పైకొచ్చి చూస్తే అదే మాట. అప్పుడు కనిపించింది నా తెలివి. ముందురోజు స్కూల్లో పాఠం చూపించడానికి లాప్‌టాప్‌ని నా ఫోను నెట్‌కి కలిపాను. ఇంటికొచ్చాక కూడా అది నా ఫోన్నే పట్టుకుని వేలాడుతోంది. ఇంటి వైఫైలో లేకుండా ఇంట్లో కంప్యూటరు ఎలా కనపడుతుంది? ఇదే తప్పు మా పిల్లలెవరైనా చేస్తే గోడకుర్చీ వేయించేదాన్ని.

వైఫైకి మార్చాను. అయినా తెరుచుకోలేదు. ఇది ఇంకో రకం దరిద్రం. కింద కంప్యూటర్ని పేరుతో కాకుండా దాని నెట్‌వర్క్ నంబరుతో కలిపి పెట్టుకున్నాను. ఇప్పుడు రూటర్ని ఆపి వేశాను కదా, అది అందరికీ కొత్త నంబర్లు పంచేసింది. నేను పాత నంబరు పట్టుకుని ఖాళీ ఇంటి తలుపు కొడుతున్నాను. రూటరు పేజీ తెరిచి, ఏ నంబరు ఏ వస్తువుదో చూశాను. నా ఫోను, అత్తయ్య ఫోను, టీవీ, లాప్‌టాప్. మిగిలింది ఒక్కటే. ఆ నంబరు కొడితే అవతలనుంచి జవాబొచ్చింది. కంప్యూటరు బతికే ఉంది.

అప్పటికి పదకొండుంపావు. మార్టిన్ రెండోసారి ఫోన్ చేశారు.

"ఏంటి, రెండు నిమిషాలన్నావ్?"

"పెట్టేయండి ఫోను. పని చేసుకోనివ్వండి."

కొత్త నంబరుతో వెళ్ళేసరికి తలుపు కనపడింది. కానీ లోపలికి వెళ్ళనివ్వలేదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. జోజి అని కొట్టి, పాస్‌వర్డ్ కొట్టాను. తప్పు అంది. వేళ్ళు సరిగ్గా పడలేదేమోనని అక్షరం అక్షరం చూసి కొట్టాను. తప్పు అంది.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. ప్రతి డిసెంబరు ముప్పై ఒకటిన చర్చిలో పళ్ళెం నిండా వాగ్దాన కార్డులు పెడతారు. ఇంటికొక కార్డు. ఇంటిపెద్ద ప్రార్థన చేసి తీయాలి. అందులో ఉన్న వాక్యమే ఆ ఇంటికి ఏడాదంతా వాగ్దానం. కొందరు దాన్ని గుమ్మానికి అంటిస్తారు, కొందరు పర్సులో పెట్టుకుంటారు. మా మావయ్యగారు పాస్‌వర్డ్ చేస్తారు. తన పేరు, వెనకాల ఆ వాక్యం అధ్యాయం అంకె, వచనం అంకె. జనవరి ఒకటిన మార్చడం నేనే నేర్పాను. మార్చాక చిన్న చీటీ మీద రాసి పైకి పంపేవారు, నేను నా లాప్‌టాప్‌లో సరిచేసుకునేదాన్ని. ఈ ఏడు చీటీ రాలేదు. డిసెంబరు ఆఖరున నాకు జ్వరం, చర్చికి వెళ్ళలేదు. జనవరి అంతా పరీక్షల హడావుడి. పెద్దాయన మరిచిపోయి ఉంటారనుకుని ఊరుకున్నాను.

నా లాప్‌టాప్ దాచిపెట్టుకున్న పాత పాస్‌వర్డ్ తీసి పారేశాను. మార్టిన్‌కి ఫోన్ చేశాను.

"ఈ ఏడు మన ఇంటి వాగ్దానం ఏంటి?"

"ఇప్పుడది ఎందుకు?"

"చెప్పండి, అదే పాస్‌వర్డ్."

"నాకు గుర్తులేదు. నాన్నగారు తీసి జేబులో పెట్టుకున్నారు. భయపడకు అనో ఏదో ఉంది."

భయపడకు అని ఎన్ని చోట్ల లేదు! గుర్తున్నవన్నీ వరసగా కొట్టాను. చిన్నప్పుడు ఆదివారపు బడిలో బహుమతులు తెచ్చుకున్నదాన్ని, నాకు వచ్చిన వాక్యాలు తక్కువేం కాదు. ఒకటి తప్పు, రెండు తప్పు, అయిదు తప్పు. పదోది కొట్టగానే ఈ అకౌంటు లాక్ అయింది, తర్వాత ప్రయత్నించండి అని వచ్చింది. పది సార్లు తప్పు కొడితే పది నిమిషాలు దగ్గరికి రానివ్వదు. ఆ నిబంధన పెట్టినవాడెవడో నా ఎదురుగా ఉంటే బాగుండునని గట్టిగా అనిపించింది.

మావయ్యగారికి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. చర్చి వాచ్‌మన్‌కి చేశాను. ప్రార్థన మధ్యలో పిలవడానికి వీల్లేదమ్మా, మూడింటికి అయిపోతుంది అన్నాడు. ఇంటికి నిప్పంటుకున్నా మూడింటికేనా అని అడిగాను. నిప్పంటుకుందా అమ్మా అని కంగారుపడ్డాడు. పెట్టేశాను.

దడదడా కిందకి దిగాను. మావయ్యగారి గది తాళం పట్టుకుని గుంజాను. ఇంట్లో ఇద్దరే ముసలివాళ్ళు, దొంగలు ఎవరు వస్తారని ఇంత తాళం? కొత్తది, ఇత్తడిది. పన్నెండేళ్ళలో ఆ గదికి తాళం పడటం నేను చూడలేదు. పచ్చడిబండ తెచ్చి బద్దలు కొడదామా అని కూడా అనుకున్నాను.

అత్తయ్య వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మావయ్యగారు న్యాయం చెప్పేటప్పుడు కూడా తలుపు చాటున నిలబడి విని వెళ్ళిపోతారు.

"అత్తయ్యా, ఈ ఏడు మన వాగ్దానం ఏంటి?"

ఆవిడ చేతిలో కాయ ఆగిపోయింది. "ఎందుకమ్మాయ్?"

"పాస్‌వర్డ్ కోసం. తోటలో సర్వేయరు కూర్చున్నాడు. మీరు రాయి పక్కన నిలబడ్డ ఫోటో పంపాలి."

"ఆ ఫోటో ఎందుకులే. లేదని చెప్పు."

"ఉన్నదాన్ని లేదని ఎందుకు చెప్పాలి?"

"మీ మావయ్య వచ్చాక అడుగుదువుగాని."

"ఆయన వచ్చేది మూడింటికి. సర్వేవాళ్ళు పోయేది ఒంటిగంటకి. కార్డు ఎక్కడుంది?"

"ఆ గదిలోనే."

"మీకు నోటికి రాదా? వందల పాటలు పుస్తకం చూడకుండా పాడతారు. నెల కింద తీసిన వాక్యం గుర్తులేదా?"

ఆవిడ ఇంకో కాయ తీసుకుని ఈనె లాగారు. ఆ లాగడం చూసేసరికి నాకు తిక్కరేగింది.

"నాకేమన్నా సొంత పనా అత్తయ్యా ఇది? మీ ఇంటి చెట్లు! మీ ఆయన నీళ్ళు మోసి పెంచిన చెట్లు! ఆ రమణమ్మ వచ్చి నావంటుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదా? ఆయనేమో తాళం వేసుకుని ప్రార్థనకి పోతారు, మీరేమో చిక్కుడుకాయలు ఒలుచుకుంటారు. మధ్యలో బయటినుంచి వచ్చినదాన్ని నేను కొట్టుకు చావాలి! ఆ రమణమ్మ ఏమన్నా మీకు చుట్టమా?"

"అరవకమ్మా."

"అరుస్తాను. తొమ్మిది చెట్లు పోతే రేపు ఊరంతా మనల్ని చూసి నవ్వదా?"

"ఎవరికీ చెప్పొద్దన్నారే" అన్నారావిడ మెల్లగా.

"ఎవరు?"

"ఇంకెవరు."

"నాకు కూడానా? ఈ ఇంట్లో ఇన్నేళ్ళ నుంచి చాకిరీ చేస్తున్న నాకు కూడా చెప్పొద్దన్నారా?"

ఆవిడ చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, నా ముఖంలోకి చూశారు. కోపంగా లేరు. అలిసిపోయినట్టున్నారు. "ముప్పై ఏడు, మూడు" అన్నారు. "వెళ్ళు. చూసుకో. చూశాక నా మీద మాత్రం అరవకు."

ఆ ఆఖరి మాట నాకు చెవికెక్కలేదు. అంకెలు దొరికాయి, అంతే చాలు. అది మేలు చేయి, సత్యాన్ని అనుసరించు అనే కీర్తన వాక్యమని కూడా అప్పుడు తట్టలేదు. మెట్లు రెండేసి ఎక్కాను. పది నిమిషాలూ అయిపోయాయి. జోజి, ముప్పై ఏడు, మూడు. ఫోల్డరు తెరుచుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు ప్రపంచాన్ని గెలిచినంత గర్వం కలిగింది. పన్నెండుం పావయింది.

ఫోటోలకి పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, స్కూలు వార్షికోత్సవాలు దాటుకుంటూ వెళ్ళాను. నూట నలభై ఎన్నోదో తెరిస్తే అది వచ్చింది.

రంగులు కొంచెం వెలిసిన ఫోటో. మూలన తేదీ పడి ఉంది, తొంభై తొమ్మిదో సంవత్సరం, ఆగస్టు. అత్తయ్య నీలంరంగు చీరలో నిలబడి ఉన్నారు. చంకలో మార్టిన్ చెల్లెలు, పక్కన నిక్కరు వేసుకుని మార్టిన్. వాళ్ళ ముందు సున్నం కొట్టిన హద్దురాయి. రాయిని ఆనుకుని తాటిచెట్టు.

రాయి తాటిచెట్టు మొదట్లోనే ఉంది.

పెద్దది చేసి చూశాను. రాయికి ఇవతల మోకాలెత్తు మామిడి మొక్కలు, చుట్టూ ముళ్ళకంప. రాయికి అవతల, ఇప్పుడు మా ఆఖరి వరస ఉన్నచోట, చదునుగా దున్నిన నేల. ఆ నేల మధ్యలో నాగలి పట్టుకుని ఒక మనిషి, ఫోటో తీస్తున్నారని తెలిసి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. అతని వెనక పలచగా ఒక అమ్మాయి, తల మీద అన్నం గిన్నె. ఎంత చిన్నపిల్లయినా ఆ గడ్డం, ఆ నిలబడే తీరూ చూసి గుర్తుపట్టాను. రమణమ్మ.

ఈ ఫోటోని నేనే స్కాన్ చేశాను. నా చేతుల్తో అద్దం మీద పెట్టి మూత వేశాను. ఒక్కసారి కూడా చూడలేదు. ఆఖరి వరస చెట్లు మిగతా వాటికన్నా సన్నగా ఉంటాయని ప్రతి వేసవిలోనూ అనుకునేదాన్ని, అక్కడ నేల సారం తక్కువేమోలే అని సరిపెట్టుకునేదాన్ని. వాటి వయసు నాలుగేళ్ళు తక్కువని లెక్కల టీచర్నైన నాకు తట్టలేదు.

వెనక అలికిడైతే తిరిగాను. అత్తయ్య మెట్లెక్కి వచ్చి, తలుపు పట్టుకుని ఆయాసపడుతున్నారు.

"రాయి ఎప్పుడు జరిపారు?" అని అడిగాను.

"రమణమ్మ మొగుడు, ఆ నాగలి పట్టుకున్నతను, చనిపోయిన ఏడు. ఈ ఫోటో తీసిన నాలుగేళ్ళకి. వానలు పడ్డాక."

"ఎవరూ చూడకుండానా?"

"ఎందుకూ! కూలోళ్ళని పెట్టి పట్టపగలే జరిపించారు. అడిగేవాళ్ళెవరు? ఆ పిల్ల చంటిదాన్నేసుకుని పుట్టింట్లో ఉంది. తిరిగొచ్చేసరికి మొక్కలు నాటేశారు."

"మీరు అడగలేదా?"

"అడిగాను, ఒకసారి."

"తర్వాత?"

"తర్వాత అడగలేదు" అన్నారు.

ఇరవై రెండేళ్ళు. ఆ మనిషి కళ్ళజోడు తుడుచుకుంటూ ఎంతమందికి హద్దులు చెప్పారు! గోడ నాలుగంగుళాలు జరిగిందని వచ్చినవాళ్ళకి కూడా, పక్కవాడి నేల మనకొద్దయ్యా అని చెప్పి పంపారు. నేను టీ కప్పులు పట్టుకుని అదంతా వింటూ, నా అదృష్టం, ఎంత మంచి ఇంట్లో పడ్డాను అనుకున్నాను. ఈ ఏడు చీటీ పంపకుండా ఊరుకుని, ఇవాళ కొత్త తాళం వేసి, ఫోను ఆపేసి, దేవుడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఫోటోని చెరిపేయడం తెలియక దాని మీద కాపలా పెట్టారు. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు, రమణమ్మ మీద కూడా రాలేదు.

ఫోటోని మార్టిన్‌కి పంపాను. ఆయనకి తెలియదు, అది నాకు నమ్మకం. తెలిస్తే ఫోటో అడగరు కదా. చూస్తే ఏం చేస్తారో చూద్దామనుకున్నాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపటి తర్వాత ఫోన్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఇంకెవరికైనా పంపావా?"

"లేదు."

"సరే. దాన్ని తీసేయ్ అక్కడినుంచి. నేను వీళ్ళతో ఫోల్డరు ఓపెన్ అవలేదని చెప్పేస్తాను. నెట్ ప్రాబ్లం అంటాను. నోటు పెట్టుకుని పోతారు."

"ఏమండీ, ఆ నేల వాళ్ళది."

"అయితే? ఇప్పుడు నాన్నగారిని ఈ వయసులో రోడ్డుకీడుద్దామా? ఊళ్ళో తలెత్తుకోగలమా? ఆవిడకి తర్వాత ఏదో ఒకటి చేద్దాంలే. ఏ పండక్కో చీర పెడదాం."

"చీరా?"

"సుసీ, అరవకు. వాళ్ళు వింటారు." ఫోను చెవి దగ్గరనుంచి తీశారుగాని కట్ చేయలేదు. ఎవరో దగ్గరికి వచ్చి అడుగుతున్నారు, ఏమైందండీ, ఫోటో దొరికిందా అని. మా ఆయన గొంతు స్పష్టంగా వినపడింది. "లేదండీ. పొద్దుట్నుంచీ మా ఆవిడ ప్రయత్నిస్తూనే ఉంది. ఫోల్డరు ఓపెన్ అవట్లేదంట." తర్వాత కట్ అయింది.

రెండు గంటలు. ఆ రెండు గంటలూ నేను తిట్టని వస్తువు లేదు. రూటర్ని తిట్టాను, లాప్‌టాప్‌ని తిట్టాను, వాచ్‌మన్ని తిట్టాను, నోట్లో నాలుక లేని అత్తయ్యని తిట్టాను. వాటిలో ఒక్కదానికీ ఏ రోగమూ లేదు. అన్నీ చెప్పినట్టు పనిచేశాయి. అబద్ధం చెప్పింది మనుషులే, దానికి నా కష్టాన్నే సాక్ష్యంగా వాడుకున్నారు.

మళ్ళీ మార్టిన్‌కి చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. కట్ చేశారు. సర్వేయరు నంబరు నా దగ్గర లేదు. గోడ గడియారంలో పన్నెండూ యాభై.

నా ఫోన్లో రమణమ్మ నంబరు ఉంది. కోతలప్పుడు మనుషుల్ని తీసుకురమ్మని చెప్పడానికి పెట్టుకున్నది. ఎప్పుడూ నేను చెప్పేదాన్ని, ఆవిడ సరేనండీ అనేది. ఆ నంబరు నొక్కాను. రెండో రింగుకే ఎత్తింది.

"అమ్మగారూ, నేను చెట్ల కిందకి రాలేదండీ" అంది. నేను ఇంకా హలో కూడా అనలేదు. "గట్టు మీదే నుంచున్నానండీ. ఒట్టండీ, ఒక్క పూత రెమ్మ కూడా ముట్టుకోలేదండీ. కావాలంటే అయ్యగారినడగండీ."

పోయిన మే నెలలో ఆ ఆఖరి వరస కింద రాలిన కాయలు నాలుగు ఏరుకుందని, కూలీలందరి ముందూ ఆవిడ చేత కొంగు దులిపించాను. దొంగముండా అన్నాను. కాయలు నా చేత్తో లాక్కుని బుట్టలో వేశాను. మర్నాడు మళ్ళీ కూలికి వచ్చింది.

"అమ్మగారూ, ఉన్నారాండీ?"

"సర్వేయరుగారు వెళ్ళిపోయారా?" అన్నాను.

"జీపు దగ్గరున్నారండీ. కాగితాలు సర్దేసుకుంటున్నారు."

"ఫోను ఆయనకివ్వండి."

"నేనాండీ? నన్ను దగ్గరికి రానివ్వరండీ. ఇందాకే కసురుకున్నారండీ."

"పరిగెత్తండి. నేను మాట్లాడాలన్నానని చెప్పండి. ఎవరు ఆపినా ఆగొద్దు."

ఆవిడ పరిగెత్తడం వినపడింది. ఎండుటాకులు, ఆయాసం, ఎక్కడో మార్టిన్ గొంతు "ఏయ్, ఎక్కడికి" అని. తర్వాత మగగొంతు పలికింది.

"హలో, ఎవరండీ?"

"మార్టిన్ గారి భార్యనండీ."

"చెప్పండమ్మా. ఫోల్డరు ఓపెన్ అవలేదన్నారు మీవారు."

"ఓపెన్ అయిందండీ" అన్నాను. "మీ నంబరు చెప్పండి, రాసుకుంటాను."